స్కానర్ పెడితే పాత కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

చెన్నైలో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో అటక సర్దితే ఏదో ఒక పాత పెట్టె బయటపడుతుంది. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చిన ఇన్లాండు ఉత్తరాలు, శుభలేఖలు, తెలుగులో రాసిన దస్తావేజులు, తాతల నాటి స్కూలు సర్టిఫికెట్లు, స్టూడియోలో నిలబడి తీయించుకున్న నలుపు తెలుపు ఫొటోలు అందులో ఉంటాయి. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది పొంగి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కొట్టూర్‌పురం వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఇలాంటి పెట్టెలు ఎన్నో తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాతే చాలామందికి వీటిని స్కాన్ చేసి పెట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది. వరద రాని ఇళ్లకూ సముద్రపు గాలి తేమ ఉంది, కాగితం తినే పురుగు ఉంది. పిల్లలు తమిళం, ఇంగ్లీషు చదువుల్లో పెరిగారు. తాతయ్య చేతిరాత చదివి అర్థం చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని జరగాలి.

ఇంతా అనుకుని మూత ఎత్తి అద్దం మీద కాగితం బోర్లించే ఫ్లాట్‌బెడ్ స్కానర్‌ను ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు తగిలిస్తే, మొదటి పేజీకే కంప్యూటర్ కట్టె విరుచుకుని కూర్చుంటుంది.

మా అనుభవమూ ఇదే. 2 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 7 కంప్యూటర్ అది. ఇంటి పెద్దల ఉత్తరాలు కదా, బాగా రావాలని 1200 డీపీఐ, పూర్తి రంగులు ఎంచుకుని బటన్ నొక్కాం. లోపలి దీపం నాలుగు వేళ్ల దూరం కదిలి ఆగింది. కాస్త వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు కదిలి మళ్లీ ఆగింది. కంప్యూటర్ ముందు భాగంలో హార్డ్ డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. మౌస్ బిగుసుకుపోయింది. పది నిమిషాల తర్వాత మెమరీ చాలదన్న సందేశం వచ్చింది. రిపేరు షాపులో చూపిస్తే మన ఊళ్లో అందరికీ తెలిసిన తీర్పే వచ్చింది: "సిస్టం రొంబ పళసు సార్, మాత్తిడుంగ." మార్చలేదు. మార్చనక్కర్లేదని ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక తెలిసింది.

ఆ లెక్కను మన ముంగిట్లోని చుక్కల ముగ్గుతో చెప్పుకుంటే తేలిక. పది వరసలు, వరసకు పది చుక్కలు పెడితే వంద చుక్కలు. అదే చోట ఇటు ఇరవై, అటు ఇరవై పెడితే రెండు వందలు కాదు, నాలుగు వందలు. డీపీఐ అంటే అంగుళం పొడవున స్కానర్ ఎన్ని చుక్కలు పెడుతుందన్న సంఖ్య. దాన్ని రెట్టింపు చేస్తే చుక్కలు నాలుగు రెట్లవుతాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగుల కొలత రాసుకోవాలి, అంటే మూడు బైట్లు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే సుమారు 26 ఎంబీ అవుతుంది. 600లో 104 ఎంబీ. 1200లో 418 ఎంబీ. 2400 పెడితే 1.6 జీబీ దాటుతుంది. కొన్ని స్కానర్లలో 48 బిట్ల రంగు అని ఇంకో అమరిక ఉంటుంది, అది నొక్కితే వీటన్నిటికీ రెట్టింపు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: నా దగ్గర పాత జేపెగ్ ఫైలు ఉంది, అది రెండు ఎంబీలే కదా, 418 ఎక్కడినుంచి వచ్చింది అని. జేపెగ్ అనేది సర్ది, కుదించి, మూట కట్టాక మిగిలే సైజు. మూట కట్టే లోపు మొత్తం బొమ్మ విప్పి పరిచినట్టుగా ర్యామ్‌లో ఉండాల్సిందే. ఒక్కసారి ఉన్నా ఫరవాలేదు. స్కానర్ సాఫ్ట్‌వేర్ ఒక కాపీ పట్టుకుంటుంది, బొమ్మను సరిదిద్దే ప్రోగ్రాం ఇంకో కాపీ తీసుకుంటుంది, చేసిన మార్పు రద్దు చేయడానికి వీలుగా మరో కాపీ దాచుకుంటుంది. మూడు 418లు కలిస్తే 1.2 జీబీ దాటింది. 2 జీబీ ర్యామ్‌లో విండోస్, యాంటీవైరస్, తెరిచి ఉంచిన బ్రౌజర్ ఇప్పటికే కూర్చుని ఉన్నాయి. చోటు చాలక కంప్యూటర్ కొంత సరుకును హార్డ్ డిస్క్ మీదికి తరలించడం మొదలుపెడుతుంది, కావలసినప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. ర్యామ్ ముందు తిరిగే హార్డ్ డిస్క్ వేగం నత్తనడక. ఆరకుండా వెలిగిన ఆ దీపానికి అర్థం ఇదే.

మరి స్కానర్ ఆగి ఆగి నడవడం? స్కానర్‌కు తనదంటూ ఉండే మెమరీ చాలా కొంచెం. చదివిన వరసలను వెంటవెంటనే కంప్యూటర్‌కు అందిస్తూ పోవాలి. అవతలివాడు అందుకోకపోతే దీపపు బండి ఆగాలి, కాస్త వెనక్కి వెళ్లి, ఆగిన చోటు నుంచి మళ్లీ అందుకోవాలి. ఆ చప్పుడు విని మోటారు పోయిందనుకుని స్కానర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేసిన వాళ్లు ఉన్నారు. పాపం, తప్పు దానిది కాదు. ఆగిన చోట్లలో బొమ్మ మీద సన్నని అడ్డగీతలు పడితే కూడా ముందు అనుమానించవలసింది ఈ ఆగి నడవడాన్నే.

స్కానర్ బాగుందో లేదో తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. అదే కాగితాన్ని 75 లేదా 150 డీపీఐలో, గ్రే అమరికలో స్కాన్ చేయండి. దీపం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపులో వెళ్తే స్కానర్ ఆరోగ్యంగానే ఉంది. ఆ చిన్న పనికి కూడా ఆగిపోతే అప్పుడు తీగ, కరెంటు, తాళం చూడాలి. తాళం అంటే నిజంగా తాళమే: కొన్ని స్కానర్లకు ప్రయాణంలో బండి కదలకుండా అడుగున చిన్న మీట ఉంటుంది. ఇల్లు మారినప్పుడు వేసి, తర్వాత తీయడం మరిచిపోతాం.

పరీక్షలో స్కానర్ నెగ్గితే కంప్యూటర్ వైపు తిరగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీని తెరిచి ఉంచి, పక్కన స్కాన్ మొదలుపెట్టి చూడండి. మెమరీ గీత పైకప్పుకు తాకి, డిస్క్ దీపం ఆగకుండా వెలుగుతుంటే బరువు ర్యామ్ మీద పడింది. మెమరీలో చోటు ఉండి ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తుంటే స్కాన్ చేసిన బొమ్మ మీద ఎవరో అదనపు పని చేస్తున్నారు. రెండూ ప్రశాంతంగా ఉండి స్కానర్ మాత్రమే చచ్చుబడితే కరెంటు గాని తీగ గాని కారణం. మూడింటికీ మందులు వేరు. దేనికి ఏదో తెలియకుండా విండోస్ మళ్లీ ఎక్కించుకోవడం, మన చుట్టుపక్కల ఎక్కువగా జరిగేది అదే, డబ్బు దండగ.

ర్యామ్ మీద బరువు పడితే మొదట తగ్గించవలసింది డీపీఐ. పెట్టె మీద 4800, 9600 అని పెద్ద అంకెలు ఉంటాయి. వాటిలో కొంత కటకం నిజంగా చూసేది, మిగతాది పక్క చుక్కలను బట్టి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపేది. ఊహించి నింపిన చుక్కల్లో మీ తాతయ్య రాసిన అక్షరం ఏమీ అదనంగా ఉండదు. చేతిరాతకు, అచ్చు కాగితానికి 300 చాలు.

తెలుగుకు 300 నిజంగా సరిపోతుందా అని మాకూ అనుమానం వచ్చింది. మన లిపిలో చిన్న చుక్క అక్షరాన్నే మార్చేస్తుంది. 'ద' కడుపులో చుక్క పెడితే 'థ', కింద గీత దించితే 'ధ'. పాత అచ్చు పుస్తకంలో ఆ చుక్క అర మిల్లీమీటరు ఉందనుకోండి. 300 డీపీఐలో దాని అడ్డంగా ఆరు చుక్కలు పడతాయి, స్పష్టంగా కనిపిస్తుంది. 150లో మూడే పడతాయి, సిరా కాస్త అలుక్కుపోయి ఉంటే 'థ', 'ద' ఒకటైపోతాయి. 75లో ఒకటిన్నర, అది అక్షరమా మరకా తెలియదు. చిన్న టైపులో వత్తులు గిజిగిజిగా ఉన్న పంచాంగం, నిఘంటువు లాంటివైతే 400 పెట్టండి. అంతకు మించి అక్కర్లేదు. 150కి తగ్గి మాత్రం వెళ్లకండి.

రెండోది రంగు. నీలం సిరా, నల్ల సిరా ఉత్తరాలకు గ్రే అమరిక పెడితే బరువు ఒక్కసారిగా మూడో వంతుకు దిగుతుంది. ఏ4 పేజీ 300లో తొమ్మిది ఎంబీ లోపే. పూర్తి నలుపు తెలుపు అమరిక ఇంకా తేలిక, ఒక ఎంబీ చాలు. కానీ వెలిసిపోయిన సిరాను అది కాగితంగా లెక్కగట్టి చెరిపేస్తుంది. పాత ఉత్తరాలకు అది వాడవద్దు. ముద్రలు, స్టాంపులు, ఎర్ర సిరా సంతకాలు ఉన్న దస్తావేజులకు, పసుపు రాసిన శుభలేఖలకు రంగే ఉంచండి. అక్కడ రంగు కూడా సమాచారమే.

ఈ లెక్కకు పెద్ద ఉదాహరణ ఒకటుంది. అది మన ఊరితో కొంత ముడిపడినదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో పట్టా పుచ్చుకుని, తర్వాత అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న పథకం వెనుక ఉన్నది ఆయనే. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. మద్రాసులో అచ్చయిన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఈ రోజు నెట్‌లో చదవగలుగుతున్నామంటే ఆ పథకం వల్లే. అక్కడ పేజీలను 600 డీపీఐలో తీశారు, కానీ పూర్తి నలుపు తెలుపులో. ఏ4 పేజీ అలా తీస్తే కుదించక ముందే నాలుగున్నర ఎంబీ లోపు. మేము 1200లో రంగుల్లో తీసిన ఒక్క ఉత్తరం బరువులో అలాంటి పేజీలు 90కి పైగా పడతాయి. నల్ల సిరాతో అచ్చయిన పుస్తకానికి ఆ ఎంపిక సబబు. ఆ పుస్తకాల్లో కూడా సిరా పలచబడిన చోట అక్షరం విరిగి కనిపించడం చదివేవాళ్లందరికీ తెలుసు. అందుకే ఉత్తరాలకు గ్రే అంటున్నాం.

ఫొటోల సంగతి వేరు. చిన్న ఫొటోను పెద్దది చేసి గోడకు తగిలించాలంటే డీపీఐ పెంచాలి, పెంచవచ్చు కూడా. నాలుగంగుళాలు ఆరంగుళాల ఫొటోను 600లో రంగుల్లో తీస్తే 26 ఎంబీయే, ఏ4 కాగితాన్ని 300లో తీసినంతే. పాస్‌పోర్టు సైజు ఫొటో 1200లో తీసినా పదీ పదకొండు ఎంబీలు దాటదు. ఎందుకంటే ముగ్గు వేసే జాగా చిన్నది. ఒక షరతు: ప్రివ్యూలో ఫొటో చుట్టూ గడిని దగ్గరగా లాగి అంత మేరకే ఎంచుకోవాలి. మరిచిపోయి మొత్తం అద్దాన్ని 1200లో స్కాన్ చేస్తే ఖాళీ తెల్ల మూతకు కూడా 400 ఎంబీల మర్యాద చేసినట్టే.

ప్రాసెసర్ మీద బరువు పడితే స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో అది చేసే సేవలన్నీ చూడండి. దుమ్ము తీయడం, వెలిసిన రంగు సరిచేయడం, వంకర సరిదిద్దడం, బొమ్మను చదివి అక్షరాలుగా మార్చే ఓసీఆర్. ఇవన్నీ స్కాన్ సమయంలోనే ఒక్కసారిగా మొదలవుతాయి. అన్నీ తీసేయండి. ముందు స్కాన్, సరిదిద్దడం రేపు. ఓసీఆర్‌కు తొందర లేదు, తెలుగు చేతిరాత దానికి ఎలాగూ సరిగ్గా అందదు. అచ్చు పేజీలకైతే తర్వాత ఇంకో కొత్త యంత్రంలో చేసుకోవచ్చు. ఉచితంగా దొరికే టెసరాక్ట్‌కు తెలుగు వచ్చు.

కరెంటు సంగతి చాలామంది ఊహించరు. బల్లపరుపుగా, తేలికగా ఉండి వేరే అడాప్టర్ లేని స్కానర్లు యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇవ్వగలిగింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. సొంత కరెంటు లేని చిన్న హబ్‌కు తగిలిస్తే ఆ రెండున్నర వాట్లనే పెన్‌డ్రైవ్, మౌస్, కీబోర్డులతో పంచుకోవాలి. స్కానర్ వంతుకు 100 మిల్లీ ఆంపియర్లు రావచ్చు. దీపం ఒకసారి వెలిగి ఆరిపోవడం, పరికరం గుర్తించలేదన్న సందేశం, హబ్ మీద కరెంటు ఎక్కువైందన్న హెచ్చరిక ఈ కోవలోవి. క్యాబినెట్ ముందు భాగంలో ఉన్న రంధ్రాలు లోపల సన్నటి తీగలతో సాగి వస్తాయి. వెనుక ఉన్నవి మదర్‌బోర్డుకు నేరుగా ఉంటాయి. స్కానర్‌ను వెనుకే తగిలించండి. తీగ ఐదు మీటర్లు దాటకూడదు, ఎంత పొట్టిదైతే అంత మంచిది. యంత్రం మరీ పాతదై, 2002కు ముందుదైతే అందులో యూఎస్‌బీ 1.1 మాత్రమే ఉండవచ్చు. దాని వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 600 డీపీఐ రంగు పేజీ రావడానికి రెండు నిమిషాల వరకు పడుతుంది, ఆ మధ్యలో బండి ఆగుతూనే నడుస్తుంది. అది జబ్బు కాదు, నిదానం.

ఇంకొకటి మాకు చాలా ఆలస్యంగా తట్టింది. పుస్తకమో ఉత్తరాల కట్టో ఒకే పీడీఎఫ్‌గా చేద్దామని పేజీ తర్వాత పేజీ పెట్టుకుంటూ పోతాం. చాలా సాఫ్ట్‌వేర్లు చివరిదాకా అన్ని పేజీలనూ చేతిలోనే పట్టుకుంటాయి. 300లో రంగుల్లో 50 పేజీలంటే 1.3 జీబీ. సరిగ్గా 43వ పేజీ దగ్గర కంప్యూటర్ పడిపోతే అన్నీ పోతాయి. పది పేజీలకోసారి సేవ్ చేసి, తర్వాత కలుపుకోండి. తాత్కాలిక ఫైళ్లు సీ డ్రైవ్‌లోనే పడతాయి కాబట్టి అక్కడ కొన్ని జీబీలు ఖాళీ ఉండాలి.

ఇవన్నీ చేశాక కూడా ఇరుకనిపిస్తే ర్యామ్ కొనవచ్చు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో పాత రకం ర్యామ్ ముక్కలు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. వెళ్లేముందు రెండు చూసుకోండి: మీ బోర్డు తీసుకునేది డీడీఆర్2నా, 3నా, విండోస్ 32 బిట్లదా, 64దా. 32 బిట్ల విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు, అందులోనూ కొంత కోత పోతుంది. ఎనిమిది జీబీ కొనిపెడితే సగం డబ్బు కూవం నదిలో వేసినట్టే.

కొత్త కంప్యూటర్ కొనేస్తే గొడవ వదులుతుంది కదా అంటే, ఒక చిక్కు ఉంది. పాత స్కానర్లకు కొత్త విండోస్‌లో పనిచేసే డ్రైవర్లను తయారీదారులు తరచూ ఇవ్వరు. కొత్త యంత్రం వచ్చిన రోజే బాగా ఉన్న స్కానర్ మూగబోవచ్చు. వ్యూస్కాన్ అనే డబ్బు పెట్టి కొనే ప్రోగ్రాం, లైనక్స్‌లో ఉచితంగా వచ్చే సేన్ చాలా పాత మోడళ్లను మళ్లీ పలికిస్తాయి. మా పద్ధతి అంతకంటే సులువు: పాత కంప్యూటర్‌ను, పాత స్కానర్‌ను విడదీయకుండా ఆ పనికే కేటాయించాం. విండోస్ 7కు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో. అందుకని దానికి నెట్ తీసేశాం. బ్యాంకు పనులు, ఈమెయిలు దాంట్లో చేయం. నెట్ లేకపోవడంతో వెనకాల అప్‌డేట్ల వెతుకులాట కూడా పోయి యంత్రం కాస్త తేలికపడింది. పని అయ్యాక ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కొత్త యంత్రంలో వైరస్ పరీక్ష చేసి, అక్కడ ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట ఒకటి దాచుకుంటున్నాం.

ఆన్‌లైన్ దరఖాస్తులకు సర్టిఫికెట్లు జతచేయాలంటే అక్కడ కొన్ని వందల కేబీలకు మించకూడదని అడ్డు ఉంటుంది. అందుకోసం అసలు స్కాన్‌నే తక్కువలో తీయవద్దు. 300లో తీసి దాచుకోండి, దాని నకలును కుదించి పంపండి. మాతృభాష తెలుగు అని రాసి ఉన్న పాత స్కూలు టీసీ ఎప్పుడు ఎవరికి కావలసి వస్తుందో చెప్పలేం.

అద్దం మీద పెట్టకూడనివి కూడా ఉన్నాయి. తాటాకు గ్రంథాలను, వీపు బిగుసుకుపోయిన పాత బైండు సంచికలను బోర్లించి నొక్కితే విరుగుతాయి. వాటిని కిటికీ వెలుతురులో కెమెరాతో తీయడమే మేలు. తడిసి అంటుకున్న కాగితాలను బలవంతంగా విడదీయకండి.

గ్రే, 300, వెనుక రంధ్రం, పదేసి పేజీలు. ఇలా మార్చాక మా 2 జీబీ యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. మౌస్ కదులుతూనే ఉంది, దీపం ఒకే ఊపులో వెళ్లొస్తోంది. రాత్రి భోజనాలయ్యాక గంటసేపు కూర్చుంటే ముప్ఫై ఉత్తరాలు అవుతున్నాయి. పక్కన పెద్దావిడ ఒకరు కూర్చుని, ఇది ఎవరు రాసింది, ఏ ఊరి నుంచి అని చెబుతుంటే ఫైలుకు పేరుగా అదే పెడుతున్నాం. ఉత్తరాలు పూర్తయ్యాయి. పెట్టెలో ఇంకా శుభలేఖల కట్ట ఉంది, వాటికి రంగు అమరిక పెట్టాలి.